షంషీరా, కిలిజా, పాలానా? పాత వంపు కత్తిని గుర్తుపట్టడం ఎలా

పాత వంపు కత్తి చేతికి రాగానే అందరి చూపూ పిడి మీదికే పోతుంది. పొరపాట్లు మొదలయ్యేది అక్కడే. ఇరాన్ అలుగులకు, అంటే పిడి కాక మిగిలిన కోసే లోహపు భాగాలకు, టర్కీలో తమ పిడులు బిగించుకున్నారు, మన దేశంలో తల్వార్ పిడులు వేసుకున్నారు. అందుకే పిడిని చివరికి వదిలేసి అలుగుతో మొదలుపెట్టండి.

టేపు, పది రెట్ల భూతద్దం, టార్చి, రబ్బరు గ్లవ్స్ చాలు. చేతి చెమట తగిలితే ఉక్కు తుప్పు పడుతుంది.

1. వెడల్పు కొలవండి. పిడి దగ్గర, నడిమిన, మొనకు జానెడు ఇవతల కొలిచి రాసుకోండి. పిడి దగ్గర 3 సెంటీమీటర్ల చిల్లర ఉండి, అక్కడి నుంచి వరసగా తగ్గుతూ సూదిమొన తేలితే అది ఇరాన్ షంషీర్ కావచ్చు. మూడో కొలత నడిమి కొలతను మించిందా? అయితే ఒట్టోమన్ల, అంటే పాత టర్కీ సామ్రాజ్యపు, కిలిజ్ వైపు చూడాలి. దాని చివరి మూడో వంతులో వెన్ను చిన్న మెట్టులా లేస్తుంది, అక్కడి నుంచి మొన దాకా వెనకవైపూ పదునే. ఈ భాగం పేరు యెల్మాన్. బరువు మొన వైపు చేరడంతో వేటుకు ఊపొస్తుంది.

పదేపదే సానపట్టిన కత్తిలో ఆ మెట్టు అరిగిపోతుంది, కొలతలో దొరకదు. అప్పుడు భూతద్దంతో వెన్నంతా చూసుకుంటూ పోండి. బల్లపరుపుగా ఉన్న వెన్ను ఉన్నట్టుండి రెండు వాలులుగా విడిపోయి అంచు కడితే, అది యెల్మాన్ ఆనవాలే.

2. వెన్ను అటూ ఇటూ గట్టులా పొడుచుకొచ్చి, అడ్డంగా చూస్తే ‘టి’ అక్షరంలా ఉందా? అలుగు కూడా పొట్టిగా, వెడల్పుగా ఉంటే అది 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దంలో ఒట్టోమన్లు వాడిన పాలా. దాని వంపు చూసి షంషీర్ అనుకునేవాళ్లు చాలామంది.

3. టార్చిని ఏటవాలుగా పట్టి ఉక్కు చూడండి. మూసలో కరిగించిన ఉక్కయితే అలల గీతలు తెగుతూ, కలుస్తూ వెన్ను మీదికీ పాకుతాయి. ఆమ్లంతో గీసిన నకిలీలో అవి ఒకే లోతున ఉండి, పక్కల మీదే ఆగిపోతాయి. పరీక్ష కోసం మీరు ఆమ్లం పూయకండి, పాత మెరుగు పోతుంది. ఉక్కును బట్టి కత్తి ఏ దేశానిదో మాత్రం తేలదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు ముద్దలు ఇరాన్ వర్తకులు కొనుక్కుపోయేవారని 19వ శతాబ్దంలో భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ రాశాడు. అదే ఉక్కుతో ఇక్కడా కత్తులు కొట్టారు.

4. ఇప్పుడు పిడి. షంషీర్‌కు పిడికొన పక్కకు మడిచిన టోపీలా ఉంటుంది, కిలిజ్‌కు గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, తల్వార్‌కు లోహపు పళ్లెం ఉంటుంది. అలుగుతో కుదరకపోతే ‘షంషీర్ అలుగు, టర్కీ పిడి’ అని రెండూ విడివిడిగా రాసుకోండి.

5. పేరుమోసిన ఇరాన్ కత్తుల కమ్మరి అసదుల్లా ఇస్ఫహానీ పేరు బంగారంతో కనిపిస్తే తొందరపడొద్దు. ఆ పేరుకున్న గిరాకీ వల్ల తర్వాతి శతాబ్దాల కత్తుల మీద కూడా చెక్కారు. దాన్ని బట్టి కాలం నిర్ణయించకండి.