లుక్బాన్ ఇళ్లకు కట్టే బియ్యం ఆకులు మనింట్లో చేసుకోవాలంటే

ఫిలిప్పీన్స్‌లో కెసోన్ ప్రావిన్స్‌లో, బనహావ్ కొండ పక్కన లుక్బాన్ అనే ఊరుంది. రైతులు కొలిచే సాన్ ఇసిద్రో అనే క్రైస్తవ సెయింట్ పేరు మీద అక్కడ ఏటా మే 15న పహియాస్ పండగ చేస్తారు. ఊరేగింపు వెళ్లే వీధుల్లో ఇళ్ల ముందు గోడలన్నీ కూరగాయలు, వరి కంకులు, తాటిజాతి నారతో అల్లిన టోపీలతో నింపేస్తారు, వాటి మధ్య రంగురంగుల ఆకులు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. ఆ ఆకులు బియ్యప్పిండితో చేసినవి, పేరు కిపింగ్. వాటిలోంచి ఎండ దూరి కింద నిలబడ్డవాళ్ల మొహాల మీద గులాబీ, ఆకుపచ్చ రంగులు పడుతుంటే చూశాను చూడండి, ఆ పండగ మొత్తంలో నాకు ఇష్టమైన జ్ఞాపకం అదే. ఫుడ్ కలర్ ఒక్కటి కొంటే చాలు, మిగతావన్నీ మన వంటింట్లో ఉన్నవే.

ముందు ఆకు సంగతి, పిండి రాసి అచ్చు తీయడానికి నిజం ఆకు కావాలి కదా. అక్కడ కాఫీ, కోకో ఆకులు కూడా వాడతారు. అరకు వైపు వాళ్లకి కాఫీ, గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల్లో కోకో వేసినవాళ్లకి కోకో ఎలాగూ దొరుకుతుంది. మిగతావాళ్లు పనసాకు తీసుకోండి, కోనసీమలో పొట్టిక్కలు వండేది దాంట్లోనే కాబట్టి భయం లేదు. జిల్లేడు, గన్నేరు లాంటివి మాత్రం ముట్టుకోవద్దు, మందు కొట్టిన తోట ఆకులు కూడా వద్దు. ముదురాకులు కాడతో సహా కోసి, కడిగి, తడి లేకుండా తుడవండి.

పచ్చి బియ్యం రాత్రి నానబోసి పొద్దున్నే పలుకు తగలకుండా రుబ్బి, చిటికెడు ఉప్పు వేసి, ఆకు మీద పోస్తే పల్చటి పొరలా పట్టుకుని మిగిలింది జారిపోయేంత నీళ్లు కలపండి. రంగు కాస్త ఎక్కువే వేయండి, పొర పల్చన కదా, తక్కువైతే వెలిసిపోయినట్టు ఉంటుంది. పిండి రాయాల్సింది ఆకు వెనక వైపు, అంటే ఈనెలు పైకి లేచి ఉండే వైపు. ఆ గీతలు అచ్చు పడకపోతే ఇంత కష్టపడి చేసింది ఒట్టి రంగు అప్పడం!

ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగాక ఆకులు పెట్టి మూడు నాలుగు నిమిషాలు ఉంచితే పచ్చితనం పోయి మెరుపు వస్తుంది, దించేయండి. పూర్తిగా చల్లారాక కాడ వైపు నుంచి మెల్లగా ఒలవాలి, వేడి మీద లాగితే చిరుగుతుంది. తొందరపడి ఎండలో పడేయకండి, వంకర్లు తిరిగిపోతాయి. కాసేపు నీడన ఆరనిచ్చి, పొడి నూలు గుడ్డల మధ్య పేర్చి, పైన పీట బోర్లించి ఏదైనా బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. వానాకాలంలో ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది, బూజు పట్టేస్తుంది.

ఎండాక వెదురు బద్దను చక్రంలా వంచి, ఆకులకు దారం గుచ్చి వరసలు వరసలుగా వేలాడదీస్తే అక్కడివాళ్లు అరాంగ్యా అనే షాండ్లియర్ తయారవుతుంది. కిటికీ దగ్గర కట్టండి, వెలుతురు లేకపోతే దాని అందం సగం కూడా కనపడదు.

కిపింగ్ తినొచ్చు కూడా, నూనెలో వేయించి చక్కెర చల్లుకుంటే బాగుంటుంది. దుమ్ము పట్టినవి కాదు, తినడానికి కొన్ని విడిగా డబ్బాలో దాచుకోండి.

మెడిసిన్ చదువుకని ఫిలిప్పీన్స్ వెళ్లిన మన పిల్లలు బోలెడు మంది ఉన్నారు, మే నెలలో అక్కడే ఉంటే ఒకసారి వెళ్లి రండి. మనీలా నుంచి లుసేనాకి బస్సు, అక్కడ్నుంచి లుక్బాన్‌కి జీప్నీ, అంటే అక్కడి షేర్ బండి. ముందురోజే చేరుకుని పొద్దున్నే ఇళ్లన్నీ చూసేయండి, ఎండెక్కేకొద్దీ జనం పెరిగి కాలు పెట్టే సందుండదు. అలంకరించే వీధులు ఏటా మారతాయి, ఆ ఏడాది ఏ వీధో ముందే కనుక్కోండి. అరటాకులో పెట్టిచ్చే పాన్సిత్ హబ్‌హబ్ అనే నూడుల్స్‌కి స్పూన్ ఇవ్వరు, వెనిగర్ పోసుకుని ఆకు ఎత్తి నేరుగా నోట్లోకే. అందులో పంది మాంసం వేస్తుంటారు, తిననివాళ్లు కొనేముందు అడగండి.