ఊరి కుళాయి ఆగితే ఎవరిని అడగాలి?

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో తాగునీటిని కూడా చేర్చింది. అయితే ఎంతవరకు అప్పగించాలన్నది రాష్ట్రాలే నిర్ణయించుకోవలసి రావడంతో, బాధ్యత పంచాయతీకి వచ్చినా ఇంజనీర్లు రాష్ట్ర గ్రామీణ నీటి సరఫరా శాఖలోనే ఉండిపోయారు. కుళాయి ఆగినప్పుడు సర్పంచి శాఖను, శాఖ సర్పంచిని చూపించడం అక్కడి నుంచే మొదలైంది. అందుచేత అర్జీ రాసేముందు, మీ ఊరి నీరు ఎక్కడ చేతులు మారుతుందో తేల్చుకోవాలి.

కుళాయి దగ్గర బయలుదేరి ఓవర్‌హెడ్ ట్యాంకు దాకా నడవండి. ట్యాంకు ఊరి బోరుతోనే నిండుతుంటే మోటారు, స్టార్టరు, కరెంటు బిల్లు, బ్లీచింగ్ పౌడరు సాధారణంగా పంచాయతీ పద్దులోవే. అనేక గ్రామాలకు కలిపి కట్టిన పథకం నుంచి నీరు వస్తుంటే, ట్యాంకు దాకా శాఖ, అక్కడి నుంచి ఇళ్లకు పంచాయతీ చూసుకోవడం పరిపాటి; తెలంగాణలోని మిషన్ భగీరథలోనూ పంపకం దాదాపు ఇదే. ట్యాంకులో నీరు పడుతున్న చప్పుడు వినిపిస్తూ వీధి మాత్రం ఎండిపోతే, లోపం గేటు వాల్వులోనో లీకులోనో ఉన్నట్టు; ట్యాంకుకు వచ్చే పైపే పొడిగా ఉంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ అసిస్టెంట్ ఇంజనీరును (ఏఈ) కలవాలి. ఏ వీధి వాల్వు ఎంతసేపు తిప్పుతారో పంపు ఆపరేటరునే అడగండి. ఆ సంగతి ఏ దస్త్రంలోనూ దొరకదు.

తర్వాత డబ్బు సంగతి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకిచ్చిన నిధుల్లో 60 శాతం షరతులతో కూడినవి. వాటిలో సగం తాగునీరు, వాననీటి సంరక్షణ, నీటి పునర్వినియోగాలకు, మిగతా సగం పారిశుద్ధ్యానికి. మీ పంచాయతీ ఖర్చును, పంచాయతీల లెక్కలుండే ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటులో చూడవచ్చు. అక్కడ అర్థం కానిదాన్ని సమాచార హక్కు కింద అడగండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో చేసిన నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము లేదు. సమాధానానికి గడువు 30 రోజులు.

నాణ్యతను ట్యాంకు పక్కింట్లో కాక చివరి వీధిలోని చివరి ఇంట్లో పరీక్షించాలి. నీటిలో క్రిములను చంపే క్లోరిన్ మిగిలిందో లేదో చూసే కిట్టులోని చుక్కలు వేసినప్పుడు నీరు లేత పసుపు రంగుకు తిరగాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. రంగు మారకపోతే పంచాయతీని నిలదీయవచ్చు. ఫ్లోరైడ్ విషయం వేరు. నల్గొండ జిల్లా పల్లెల్లో లాగా నేలలోని నీటిలోనే ఫ్లోరైడ్ ఉంటే, దూరపు నది నుంచి నీరు తేవడం ఏ సర్పంచికీ శక్యం కాదు. ఆ అర్జీ రాష్ట్రానికే పెట్టాలి.

పంచాయతీ పరిధిలో ఉన్న లోపాన్ని గ్రామసభలో తీర్మానంగా రాయించి, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్పించండి. నోటిమాటగా ఒప్పుకున్న మరమ్మతుకు బిల్లు పెట్టడం కార్యదర్శికి కూడా కష్టమే. తీర్మానం నకలు తీసుకుని, దాని సంఖ్యను, తేదీని తర్వాతి అర్జీ మొదటి వరుసలోనే రాయండి.