లా మొదటి ఏడాది: ఒక మిల్లు గుమాస్తా చెప్పేది

మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు రాస్తూ రాస్తూ, 35 ఏళ్లకు నల్గొండలో మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరాను. సినిమాల్లో కోర్టు సీన్లు చూసి చేరేవాళ్లకు ముందే చెప్తున్నాను: మొదటి ఏడాది ఎవరూ వాదించరు. సార్ నోట్స్ చెప్తారు, మనం రాసుకుంటాం. మా బెంచీలో ఒక కానిస్టేబుల్, ఒక రిటైర్డ్ టీచర్, నిన్నగాక మొన్న డిగ్రీ అయిన పిల్లలు.

మొదటి ఇంటర్నల్‌లో నేను బాగా దెబ్బతిన్నాను. కాంట్రాక్ట్స్ ప్రశ్నకు రెండు పేజీలు నింపి, చివర 'కాబట్టి రైతుకు అన్యాయం జరిగింది' అని ముగించాను. సెక్షన్ లేదు, కేసు లేదు. మార్కులు చెప్పుకునేలా లేవు. అప్పటినుంచి ప్రతి కేసుకూ నోట్‌బుక్‌లో ఒక పేజీ పెట్టాను: ఎవరు ఎవరి మీద వేశారు, ఏం జరిగింది, తేలాల్సిన ప్రశ్న ఏంటి, కోర్టు ఏమంది, ఎందుకంది. ఆ 'ఎందుకు' తెలియకపోతే మిగతావన్నీ బట్టీయే.

లాల్మన్ శుక్లా కేసు చూడండి, 1913, అలహాబాద్ హైకోర్టు. యజమాని దగ్గరి బంధువుల పిల్లాడు తప్పిపోతే గుమాస్తా లాల్మన్‌ను హరిద్వార్ వైపు వెతకడానికి పంపారు. అతను వెళ్లాక ఊళ్లో యజమాని 501 రూపాయల బహుమతి ప్రకటించారు. అది తెలియకుండానే అతను పిల్లాణ్ణి పట్టుకొచ్చాడు. కోర్టు డబ్బు ఇప్పించలేదు. ఆఫర్ ఉందని తెలియనివాడు దాన్ని ఒప్పుకున్నట్టు ఎలా అవుతుంది? సాటి గుమాస్తాగా నాకు కడుపు మండింది గానీ, ఆ మంట వల్లే కేసు ఈ రోజుకీ మర్చిపోలేదు.

టార్ట్స్‌లో, అంటే ఒప్పందంతో పని లేకుండా ఒకరు ఇంకొకరికి చేసిన తప్పుకు పరిహారం అడిగే సబ్జెక్టులో, లాటిన్ మాటలకు భయపడొద్దు. 'డామ్నమ్ సైనే ఇంజూరియా' అంటే నష్టం వచ్చింది గానీ హక్కుకు భంగం కలగలేదని. బస్టాండు దగ్గర మీ ఇడ్లీ బండి పక్కనే ఇంకొకడు బండి పెట్టి గిరాకీ లాక్కున్నాడనుకోండి, అదే. ప్రతి లాటిన్ మాటకూ ఇలా మన ఊరి ఉదాహరణ ఒకటి పక్కన రాసుకోండి. ఫ్యామిలీ లాలో కూతుళ్ల వాటా గురించి హిందూ వారసత్వ చట్టానికి చేసిన 2005 సవరణ పాఠం వచ్చిన రోజు క్లాసంతా లేచి కూర్చుంటుంది. మీ ఇంటి భూమి గొడవ మాత్రం అక్కడ విప్పకండి, పీరియడ్ అయిపోతుంది.

తెలుగు మీడియం వాళ్లు గైడ్లకన్నా ముందు బేర్ యాక్ట్, అంటే వివరణలేమీ లేకుండా చట్టం మాత్రమే ఉన్న పుస్తకం, కొనండి. రోజుకు రెండు సెక్షన్లు పైకి చదివి, సొంత తెలుగులో ఒక్క వాక్యం రాయండి. సెకండ్ హ్యాండ్‌లో కాంట్రాక్ట్ యాక్ట్ కళ్లు మూసుకుని తీసుకోవచ్చు, అది 1872 నాటిదే. ఐపీసీ పుస్తకం ఎవరైనా అంటగడితే వద్దనండి, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. టార్ట్స్ పుస్తకంలో వినియోగదారుల చట్టం 2019దా, పాత 1986దా చూసుకోండి, 2019దే కావాలి.

హాజరు 70 శాతం ఉండాలని బార్ కౌన్సిల్ రూలు. ఉద్యోగం చేసేవాళ్లు ధాన్యం సీజన్ రాకముందే లెక్క వేసుకోండి. నేను వేసుకోలేదు, ఆ రెండు నెలల టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

నాకు బాగా నచ్చిన కేసు భగవాన్‌దాస్ కేడియాది. అహ్మదాబాద్ వాళ్లు ఫోన్‌లో పత్తి గింజల చెక్క కొంటామన్నారు, ఖామ్‌గావ్ వాళ్లు సరే అన్నారు. ఒప్పందం ఏ ఊళ్లో జరిగినట్టు? 'సరే' వినబడిన ఊళ్లో, అంటే అహ్మదాబాద్‌లో అంది సుప్రీంకోర్టు. ఒక జడ్జి ఒప్పుకోలేదు, అదీ చదవండి. మర్నాడే మా ఓనరుకు చెప్పాను: కోదాడ వాళ్లతో ఫోన్‌లో రేటు మనమే చెబుదాం, సరే అనడం వాళ్లకు వదిలేద్దాం, ఆ 'సరే' వినబడేది మన ఊళ్లోనే కాబట్టి గొడవొస్తే మిర్యాలగూడ కోర్టులోనే వేయొచ్చు అని.

'సెలవులిచ్చి కాలేజీకి పంపిస్తే నాకే పాఠాలా' అన్నాడు. కానీ ఇప్పుడు రేటు ఆయనే ముందు చెప్తున్నాడు.