రీలు కెమెరాతో రోజువారీ బతుకు: నెల్లూరు, ఒంగోలు ఎండకి తగ్గట్టు

కోస్తాలో పాత కెమెరా కొనేవాళ్లు మొట్టమొదట చూడాల్సింది లెన్సులో బూజు. బీరువాలో తోలు కవరులో ఏళ్ల తరబడి పడున్న కెమెరా పైకి తళతళలాడుతూనే ఉంటుంది. అపర్చర్ (లెన్సులో వెలుతురు దూరే రంధ్రం) పూర్తిగా తెరిచి, వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే బూజు పట్టినట్టే. అంచున ఒకటి రెండు పోగులుంటే ఫోటోలో తెలియదు. నడిమధ్యలో పొగ కమ్మినట్టు ఉంటే మాత్రం ఎదురెండలో తీసిన ప్రతి ఫోటో పాలిపోతుంది, అది వద్దు. బూజున్న లెన్సును మంచి లెన్సుతో కలిపి ఒకే సంచిలో పెట్టకండి.

ఎస్ఎల్ఆర్ (లెన్సులోంచే చూసి తీసే కెమెరా) అయితే షట్టర్ (రీలు ముందు తెరుచుకుని మూసుకునే తెరలు) పరీక్ష ఇలా చేయాలి. రీలు లేకుండా వెనక మూత తెరిచి, లెన్సు తీసేసి, తెల్లగోడ వైపు పట్టి, స్పీడు 1/1000 సెకనులో పెట్టి నొక్కండి. ఫ్రేము మొత్తం ఒక్కసారి మెరవాలి. ఒక పక్క నల్లగా ఉండిపోతే రెండు తెరలూ సమంగా కదలడం లేదని అర్థం, ఫోటోలోనూ ఆ పక్క చీకటే పడుతుంది. తర్వాత 1 సెకనులో నొక్కండి. మధ్యలో ఆగి ఎప్పటికో మూసుకుంటే లోపలి నూనె గడ్డకట్టింది. పగటి వెలుతురులో తీసేవాళ్లకు ఇది పెద్ద లోపమేమీ కాదు. బేరమాడడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

వెనక మూత గాడిలో నల్ల స్పాంజి పట్టీ ఉంటుంది. మన వేడికి అది జిగురై వేలికి అంటుకుంటుంది, ఆ సందులోంచి వెలుతురు దూరి ఫోటోల అంచున నారింజ చారలు పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన టూత్‌పిక్‌తో పాతది గీకేసి, 1.5 మి.మీ. నల్ల ఫోమ్ సన్నగా కోసి అతికించండి. గాడి మరీ ఇరుకైతే నల్ల ఉన్ని దారం కూరినా చాలు. గీకేటప్పుడు ముక్కలు షట్టర్ తెర మీద రాలకుండా తెరిచిన వెనక వైపు కిందికి ఉండేలా కెమెరాను పట్టుకోండి. తెరను వేలితో తాకొద్దు.

ఏ కెమెరా?

మొదటి కెమెరాగా పెంటాక్స్ కె1000 లాంటి మెకానికల్ ఎస్ఎల్ఆర్ మేలు. 1976 నుంచి 1997 దాకా తయారైంది. బ్యాటరీ అయిపోయినా వెలుతురు కొలిచే మీటర్ ఒక్కటే ఆగుతుంది, షట్టర్ పనిచేస్తూనే ఉంటుంది. దీని మీటర్‌కి ఆపే స్విచ్ లేదు. లెన్సు మీద వెలుతురు పడుతున్నంతసేపూ బ్యాటరీ తింటూ ఉంటుంది, కాబట్టి పని అయ్యాక మూత పెట్టేయాలి. లోపల ఎల్ఆర్44 బిళ్ల చాలు.

వీధిలో చప్పుడు కాకుండా తీయాలనుకుంటే యాషికా ఎలక్ట్రో 35 బాగుంటుంది. 45 మి.మీ. ఎఫ్/1.7 లెన్సు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ అపర్చర్ పెద్దది, పెరిగేకొద్దీ చిన్నది). అపర్చర్ మీరు పెడితే స్పీడు అదే చూసుకుంటుంది. పాత 5.6 వోల్టుల బ్యాటరీ ఇప్పుడు రాదు. అడాప్టర్‌లో నాలుగు ఎల్ఆర్44 బిళ్లలు పెడితే 6 వోల్టులతో ఇబ్బంది లేకుండా నడుస్తుంది. కొనేముందు రీలును ముందుకు జరిపే లివర్ తిప్పి వినండి. ‘టక్’మని లోపల శబ్దం రావాలి. రాకపోతే లోపలి రబ్బరు బిళ్ల అరిగిపోయింది, ఎక్స్‌పోజర్ (రీలు మీద పడే వెలుతురు లెక్క) గాడి తప్పుతుంది. వ్యూఫైండర్‌లో పసుపు లైటు వెలిగితే స్పీడు బాగా తగ్గిందని, చేయి కదిలితే ఫోటో చెదురుతుందని. ఎరుపు వెలిగితే వెలుతురు ఎక్కువైందని.

ఇంట్లో తాతల నాటి ఆగ్ఫా క్లిక్ 3 దొరికితే దాన్నీ వాడొచ్చు. 120 అనే వెడల్పాటి రీలు, 12 చదరపు ఫోటోలు. షట్టర్ స్పీడు ఒక్కటే, సుమారు 1/30 సెకను. అందుకే ఐఎస్ఓ (రీలు వెలుతురును పట్టే చురుకు) 100 ఉన్న రీలు వేయండి. 400 వేస్తే మన ఎండకు నెగటివ్ మరీ నల్లబడుతుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కాలి. వెనకున్న ఎర్ర కిటికీకి నల్ల టేపు అతికించి, రీలు తిప్పేటప్పుడు మాత్రమే తీయండి.

రీలు ఎక్కించడం

నీడలో ఎక్కించండి. రీలు కొస స్పూలు (రీలు చుట్టుకునే కడ్డీ) గాడిలో దూర్చి, రెండు అంచుల చిల్లుల్లోనూ పళ్లు దిగాయో లేదో చూశాకే మూత వేయాలి. రివైండ్ పిడిని మెల్లగా కుడికి తిప్పి వదులు లాగేయండి. ఇప్పుడు లివర్ తిప్పి రెండు ఖాళీ క్లిక్కులు. లివర్ తిప్పినప్పుడల్లా రివైండ్ పిడి కూడా తిరగాలి. తిరగడం లేదంటే రీలు జారిపోయింది, కౌంటర్ 36 చూపించినా లోపల ఒక్క ఫోటో పడదు. కొత్తవాళ్ల మొదటి రీలు పోయేది ఎక్కువగా ఇలాగే.

చివర్లో లివర్ బిగుసుకుంటే బలవంతం చేయకండి. రీలు స్పూలు నుంచి ఊడిపోతే ఇక వెనక్కి చుట్టుకోదు. అప్పుడు చీకటి గదిలో దుప్పటి కింద చేతులు పెట్టి తీయాల్సిందే. మామూలుగా అయితే అడుగున బొత్తాం నొక్కి, బాణం చూపిన వైపు మెల్లగా చుట్టండి. చేతికి బరువు తగ్గినట్టు తెలిశాక ఇంకో రెండు చుట్లు.

కొత్తదైనా తీసిందైనా రీలును బండి డిక్కీలో వదలొద్దు. మే నెల మధ్యాహ్నం అక్కడుండే వేడికి రంగులు మారిపోతాయి. వాడని రీళ్లు జిప్ కవరులో ఫ్రిజ్‌లో పెట్టుకోండి, వాడే ముందు రెండు మూడు గంటలు బయట ఉంచాకే డబ్బీ మూత తీయండి. వెంటనే తీస్తే మన ఉక్కకు రీలు మీద చెమ్మ పడుతుంది. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే సినిమా రీళ్ల విషయంలో ఒక జాగ్రత్త: వెనక రెమ్‌జెట్ అనే నల్లపూత ఉన్నవాటిని మామూలు సి-41 (కలర్ నెగటివ్ కడిగే పద్ధతి) ల్యాబుకి ఇస్తే వాళ్ల కెమికల్ అంతా పాడవుతుంది. ఇచ్చేముందే చెప్పండి.

ఎండ లెక్క

మీటర్ లేకపోయినా పని జరుగుతుంది. కలర్ నెగటివ్‌కి వెలుతురు కాస్త ఎక్కువైనా తట్టుకునే గుణముంది, తక్కువైతే నీడలు బురదరంగు తిరుగుతాయి. అందుకని ఐఎస్ఓ 200 రీలును 100గా లెక్కేయడం మంచిది. స్పీడు 1/125 దగ్గర పెట్టేసి, అపర్చర్ ఒక్కటే మారుస్తూ పోండి. మబ్బులేని ఎండకు ఎఫ్/16. పలచటి మబ్బుకు ఎఫ్/11. నీడ అంచు తెలియనంత మబ్బుంటే ఎఫ్/8. అరుగు మీద, చెట్టు నీడలో, కార్తీకంలో ముసురు పట్టినప్పుడు ఎఫ్/5.6. రేకుల కింద లోపలిగా ఉన్న టీ బంకులో 1/60, ఎఫ్/2.8. రాత్రి బల్బుల వెలుతురులో కలర్ రీలు దండగ. హెచ్‌పీ5 ప్లస్ లాంటి ఐఎస్ఓ 400 బ్లాక్ అండ్ వైట్ రీలును 1600గా పెట్టి 1/60, ఎఫ్/2.8తో తీసి, కడిగేటప్పుడు టైము పెంచుకోవాలి.

ఉదయం పది నుంచి మూడున్నర దాకా నడినెత్తిన ఎండలో మొహాలు తీయకండి, కళ్లు నల్లటి గుంటలవుతాయి. అదే వేళ ట్రంకు రోడ్డులో షాపు పందిరి అంచుకి రెండడుగులు లోపల మనిషి నిలబడితే, రోడ్డు మీద పడి తిరిగొచ్చే వెలుతురు మొహాన్ని మెత్తగా వెలిగిస్తుంది. నడిమధ్యాహ్నం మన ఊళ్లలో ఫోటో తీయాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు.

మీటరున్న కెమెరాలు దేన్ని చూసినా బూడిదరంగే అనుకుంటాయి. ఒంగోలు గిత్త ఫ్రేము నిండా ఉంటే మీటర్ చెప్పినట్టు తీస్తే తెల్లటి ఒళ్లు మసకబారుతుంది. ఒకటి, ఒకటిన్నర స్టాపు (ఒక స్టాపు తెరిస్తే వెలుతురు రెట్టింపు, మూస్తే సగం) తెరవండి. ఇసకపల్లి ఉప్పుమడుల్లో తెల్లటి కుప్పలకీ, తెల్లపంచెలో ఉన్న పెద్దాయనకీ ఇదే లెక్క. చీమకుర్తి నల్ల గ్రానైట్ ముందు తిరగేయాలి: ఒక స్టాపు మూయకపోతే రాయి తెల్లబోతుంది, పనివాళ్ల మొహాలు వెలిసిపోతాయి. ఏదీ తేలకపోతే అదే ఎండలో అరచేతిని మీటర్ చేసి ఒక స్టాపు తెరవండి. ఒంటి రంగు ఏదైనా అరచేతుల రంగులో పెద్ద తేడా ఉండదు.

ఫోకస్ కూడా ముందే పెట్టుకోవచ్చు. 50 మి.మీ. లెన్సును ఎఫ్/11లో పెట్టి దూరం 3 మీటర్లకు తిప్పితే, సుమారు 2.1 నుంచి 5 మీటర్ల మధ్య ఉన్నదంతా స్పష్టంగా పడుతుంది. మైపాడు ఒడ్డున పడవలొచ్చి చేపల పాట మొదలైనప్పుడు ఫోకస్ వెతుక్కుంటూ కూర్చుంటే బుట్ట చేతులు మారిపోతుంది. నాలుగడుగులు ముందుకేసి నొక్కడమే.

అడిగి తీయండి. “అన్నా, ఒక ఫోటో తీసుకోవచ్చా?” అంటే వద్దనేవాళ్లు తక్కువ. అనగానే బిగుసుకుని నిలబడతారు, ఆ ఫోటో ఒకటి తీసేసి, వాళ్లు తిరిగి పనిలో పడ్డాక రెండోది తీయండి. బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువు నీళ్లలో రొట్టెలు మార్చుకునే ఆడవాళ్లను అడగకుండా అసలు తీయొద్దు. రొట్టె పట్టుకున్న చేతులు తీసినా ఫోటో నిలుస్తుంది. కృష్ణపట్నం పోర్టు, రైల్వే స్థలాల్లో నిషేధం బోర్డులు చూసుకోండి.

సముద్రం దగ్గర లెన్సు ముందు బిగించే యూవీ ఫిల్టర్ అద్దం తీయొద్దు. ఇంటికొచ్చాక పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పు గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఊది, మంచినీళ్లతో కొద్దిగా తడిపి పిండిన మెత్తటి గుడ్డతో, ఆ తర్వాత పొడిగుడ్డతో తుడవండి. కెమెరాను గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే బూజు రాదు. జెల్ నీలం పోయి గులాబీ రంగుకి తిరిగితే, వంటకు వాడని పాత మూకుడులో సన్నసెగ మీద వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మానండి, తవుడు లెన్సు రింగుల్లోకి పోతుంది.

రీలు కడగడం

మన స్టూడియోలు ఎప్పుడో డిజిటల్‌కి మారాయి. కలర్ రీలును చెన్నై, హైదరాబాద్ ల్యాబులకు కొరియర్ చేయడం తేలిక. బ్లాక్ అండ్ వైట్ మాత్రం ఇంట్లోనే కడుక్కోవచ్చు. కష్టమంతా నీళ్ల వేడితోనే. డెవలపర్ (రీలు మీద బొమ్మ తేల్చే ద్రావణం) టైములు 20 డిగ్రీలకు రాసుంటాయి, మిద్దె మీద ట్యాంకులో నీళ్లు వేసవిలో ముప్ఫై దాటుతాయి. ఆ వేడిలో టైము మరీ తగ్గి మరకలు మరకలుగా కడుగుతుంది. దీనికి తేలికైన మందు డెవలపర్‌ను పలచన చేయడం. 400గా తీసిన హెచ్‌పీ5 ప్లస్‌కి ఐడి-11 డెవలపర్ 150 మి.లీ.కి 150 మి.లీ. నీళ్లు కలిపితే 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు, 24 దగ్గర సుమారు 9. బకెట్‌లో నీళ్లు పోసి, ఐసుముక్కలు కవరులో కట్టి వేసి, సీసాలన్నీ అందులో నిలబెట్టండి. ఐసు నేరుగా డెవలపర్‌లో వేయకండి. 1600గా తీసిందైతే పలచన చేయకుండా 20 డిగ్రీల దగ్గర 14 నిమిషాలు.

రీలు కడిగే, వెలుతురు దూరని ప్యాటర్సన్ ట్యాంకులో ఒక 35 ఎంఎం రీలుకి 290 మి.లీ. చాలు, 120 రీలుకి 500 కావాలి. డెవలపర్ పోశాక మొదటి 10 సెకన్లలో నాలుగుసార్లు తిరగేయాలి, ఆ తర్వాత ప్రతి నిమిషం మొదట్లో నాలుగుసార్లు. ప్రతిసారీ ట్యాంకును బల్లకేసి తట్టండి, లేకపోతే గాలి బుడగలు అంటుకుని గుండ్రటి మచ్చలు పడతాయి. తర్వాత డెవలపర్ పనిని ఆపే స్టాప్‌బాత్ 10 సెకన్లు. బొమ్మను నిలబెట్టే ర్యాపిడ్ ఫిక్సర్ 1:4 పాళ్లలో కలిపి 5 నిమిషాలు. కడగడానికి నీళ్లు పోసి ఐదుసార్లు తిరగేసి పారబోయండి, మళ్లీ పోసి పదిసార్లు, మళ్లీ పోసి ఇరవైసార్లు. ఈ నీళ్లన్నీ దాదాపు ఒకే వేడిలో ఉండాలి.

బోరు నీళ్లతో ముగించకండి. మన దగ్గర నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక నెగటివ్ మీద తెల్లటి చారలు మిగులుతాయి, అవి స్కాన్‌లోనూ పోవు. డెవలపర్ కలపడానికి వాటర్ క్యాన్ నీళ్లు సరిపోతాయి. ఆఖరి తడుపుకి బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ 300 మి.లీ.లో 1.5 మి.లీ. ఫోటో-ఫ్లో (నీటి మరకలు పడకుండా చేసే ద్రవం) కలపండి. బాత్రూములో షవర్ రెండు నిమిషాలు తిప్పితే దుమ్ము అణుగుతుంది. ఆపి, తలుపు మూసి, కింద క్లిప్పు బరువు కట్టి వేలాడదీయండి. ఫ్యాను వేయొద్దు.

తప్పు ఎక్కడో నెగటివే చెబుతుంది. రీలంతా గాజులా ఖాళీగా ఉండి అంచున కంపెనీ వేసే అంకెలు పడ్డాయంటే కడగడం సరిగానే ఉంది, కెమెరాలో రీలు కదల్లేదు, లేదా షట్టర్ తెరుచుకోలేదు. అంకెలు కూడా లేకపోతే డెవలపర్‌కి ముందు ఫిక్సర్ పోశారు. పాలలా మసకగా ఉంటే ఫిక్సర్ చాలలేదు, మళ్లీ పోస్తే బాగవుతుంది. అంకెలు నల్లగా ఉండి ఫోటోలు పలచగా ఉంటే వెలుతురు తక్కువైంది. రెండూ పలచగా ఉంటే డెవలపర్ పాతబడింది, లేదా టైము చాలలేదు. ఫ్లాష్ వాడిన ఫోటోల్లో మాత్రమే సగం చీకటి పడితే స్పీడు 1/60 దాటి పెట్టారు. చిల్లుల వైపు నుంచి చారలు దిగితే వెనక మూత పట్టీ మళ్లీ మార్చాలి.