మడిచే ల్యాప్‌టాప్‌లో లినక్స్: స్క్రీన్ తిరగకపోతే, తలకిందులైతే

కీబోర్డును వెనక్కి మడిస్తే ట్యాబ్లెట్ అయిపోయే ల్యాప్‌టాప్‌లో ఉబుంటునో ఫెడోరానో వేశాక ముందుగా మొండికేసేది స్క్రీన్ తిరగడమే. దీనికోసం నేను సిస్టమ్‌ను రెండుసార్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఆ అవసరమే లేదు. ల్యాప్‌టాప్ ఎటు వాలిందో పసిగట్టే సెన్సర్ చెప్పే మాట చేతులు మారుతూ స్క్రీన్ దాకా వస్తుంది. లినక్స్‌కి గుండె లాంటి కెర్నల్ సెన్సర్‌ను చదువుతుంది, ఐఐఓ-సెన్సర్-ప్రాక్సీ అనే సర్వీస్ ఆ మాట అందుకుని డెస్క్‌టాప్‌కి చెబుతుంది, గ్నోమ్ అనే ఆ డెస్క్‌టాప్ స్క్రీన్‌ను తిప్పుతుంది. మాట ఎక్కడ ఆగిపోయిందో పట్టుకోవాలి.

సమస్య: స్క్రీన్ అస్సలు తిరగదు

టెర్మినల్‌లో మానిటర్-సెన్సర్ అనే కమాండ్ ఇచ్చి ల్యాప్‌టాప్‌ను పక్కకు వాల్చండి. అలాంటి కమాండే లేదంటే ఐఐఓ-సెన్సర్-ప్రాక్సీ ప్యాకేజీ వేసుకోండి. యాక్సిలరోమీటర్ (ఆ వాలు సెన్సర్ పేరు అదే) లేదని వస్తే కెర్నల్‌కే సెన్సర్ కనబడలేదన్నమాట. ఇంకా కొత్త కెర్నల్ ఉన్న లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి చూడండి. అందులో కనబడితే కెర్నల్ అప్‌డేట్ చేస్తే చాలు.

వాల్చినప్పుడల్లా ‘లెఫ్ట్-అప్’, ‘రైట్-అప్’ అని మారుతుంటే సెన్సర్ బాగానే ఉంది. అప్పుడు చూడాల్సింది మడత బందు. ఇప్పటి గ్నోమ్, ట్యాబ్లెట్‌గా మడిచినప్పుడే స్క్రీన్ తిప్పుతుంది. మామూలుగా తెరిచి ఉంచి వాల్చితే తిరగకపోవడం లోపం కాదు. మడిచినా తిరగకపోతే ముందు క్విక్ సెట్టింగ్స్‌లో ఆటో రొటేట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. తర్వాత సుడోతో (అంటే అడ్మిన్ హక్కులతో) లిబ్‌ఇన్‌పుట్ డీబగ్-ఈవెంట్స్ అనే కమాండ్ నడిపి, ట్యాబ్లెట్ అయ్యేలా వెనక్కి మడవండి. స్విచ్ టాగుల్ అనే లైను రావాలి. రాలేదంటే మడిచిన సంగతి కెర్నల్‌కి తెలియడం లేదు.

కొన్ని ఇంటెల్ మిషన్లలో ఇంటెల్-హెచ్‌ఐడీ అనే కెర్నల్ మాడ్యూల్‌కి (డ్రైవర్‌కి) ‘ఎనేబుల్ ఎస్‌డబ్ల్యూ ట్యాబ్లెట్ మోడ్’ విలువ 1 ఇస్తే పని చేస్తుంది. ఆసుస్ వాటిలో ఆసుస్-ఎన్‌బీ-డబ్ల్యూఎంఐ మాడ్యూల్‌కి ‘ట్యాబ్లెట్ మోడ్ ఎస్‌డబ్ల్యూ’ విలువ 2 ఇచ్చి చూడాలి. మాటల మధ్య ఖాళీ బదులు అండర్‌స్కోర్ పెట్టి, ఈటీసీలోని మోడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్‌లో ఒక ఫైల్‌గా రాసి రీబూట్ చేయండి. ఒక జాగ్రత్త: ట్యాబ్లెట్ మోడ్‌లో ఉన్నామని అనుకుంటే ఇన్‌పుట్ పరికరాలను చూసుకునే లిబ్‌ఇన్‌పుట్ ల్యాప్‌టాప్ కీబోర్డును, టచ్‌ప్యాడ్‌ను ఆపేస్తుంది. విలువ సరిపడకపోతే టైప్ చేయడానికే దారి ఉండదు. అందుకే ఒక యూఎస్‌బీ కీబోర్డు దగ్గర పెట్టుకోండి.

సమస్య: స్క్రీన్ తిరిగింది, కానీ వేలు ఒకచోట పెడితే క్లిక్ ఇంకోచోట పడుతోంది

మీరు బహుశా ఎక్స్‌ఆర్గ్ అనే పాత డిస్‌ప్లే పద్ధతి సెషన్‌లో ఉన్నారు. లాగిన్ స్క్రీన్‌లో పళ్లచక్రం గుర్తు నొక్కి, కొత్త పద్ధతి వేలాండ్ ఎంచుకోండి.

సమస్య: తిరుగుతుంది, కానీ తలకిందులుగా

నన్ను ఎక్కువగా టెన్షన్ పెట్టింది ఇదే. సెన్సర్ పాడైందనుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లకండి. బోర్డు మీద సెన్సర్‌ను ఒక్కో మోడల్‌లో ఒక్కో దిక్కుకు అతికిస్తారు. మీ మోడల్‌లో ఎటు ఉందో లినక్స్‌కి చెప్పే లైను ఇంకా ఎవరూ రాయలేదు, అంతే. ఆ లైన్లన్నీ సిస్టమ్‌డీతో (లినక్స్‌లో సర్వీసులను నడిపే సాఫ్ట్‌వేర్) వచ్చే 60-సెన్సర్.హెచ్‌డబ్ల్యూడీబీ ఫైల్‌లో ఉంటాయి. దాన్ని తెరిచి మీ కంపెనీ మోడళ్ల లైన్లు ఎలా ఉన్నాయో చూడండి. దాన్నే మార్చితే అప్‌డేట్ వచ్చినప్పుడు పోతుంది. అందుకే ఈటీసీలో యూడెవ్ కింద ఉన్న హెచ్‌డబ్ల్యూడీబీ.డీ ఫోల్డర్‌లో 61-సెన్సర్-లోకల్.హెచ్‌డబ్ల్యూడీబీ అని కొత్త ఫైల్ పెట్టండి. మొదటి లైనులో మీ సెన్సర్, మోడల్ గుర్తింపు. రెండో లైను ఒక ఖాళీతో మొదలై, యాక్సెల్ మౌంట్ మ్యాట్రిక్స్ విలువ. ఆ ఖాళీ వదిలేస్తే లైను చెల్లదు.

పూర్తి తలకిందులైతే ఆ విలువ -1, 0, 0; 0, -1, 0; 0, 0, 1. పక్కకు తిరిగి ఉంటే 0, 1, 0; -1, 0, 0; 0, 0, 1 వేసి చూడండి. కుదరకపోతే మొదటి రెండు వరుసల్లో గుర్తులు తారుమారు చేయండి. తర్వాత సుడోతో సిస్టమ్‌డీ-హెచ్‌డబ్ల్యూడీబీ అప్‌డేట్ ఇచ్చి రీబూట్ చేయండి. ల్యాప్‌టాప్‌ను మామూలుగా నిలబెట్టి మళ్లీ మానిటర్-సెన్సర్ నడిపితే ‘నార్మల్’ అని రావాలి.

వచ్చాక ఆ రెండు లైన్లనూ గిట్‌హబ్‌లో సిస్టమ్‌డీ ప్రాజెక్టుకు పంపండి. వాళ్లు చేర్చుకుంటే, అదే మోడల్ కొన్నవాళ్లకు స్క్రీన్ మొదటి బూట్ నుంచే సరిగ్గా తిరుగుతుంది.