స్కాట్లాండ్ తీరంలో చిన్న ఊరి లెక్క తేల్చాలంటే ముందు ఇళ్లు లెక్కపెట్టండి

మన దగ్గర ప్రతి రెవెన్యూ గ్రామానికీ సెన్సస్‌లో ఒక కోడ్ ఉంటుంది. జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్ తెరిస్తే వంద గడపల ఊరికి కూడా జనాభా, ఇళ్లు, పనివాళ్లు ఒకే వరుసలో కనిపిస్తాయి. ఆ అలవాటుతో గ్లాస్గోలోనో అబర్డీన్‌లోనో ప్లానింగ్, పబ్లిక్ హెల్త్ చదవడానికి వెళ్లి, ఒక తీర గ్రామాన్ని ప్రాజెక్టుగా తీసుకున్నవాళ్లు మొదటి రోజే తెల్లమొహం వేస్తారు. స్కాట్లాండ్ సెన్సస్‌లో 'ఊరు' అనే యూనిట్ లేదు. 500 మంది దాటిన ఊళ్లకు అక్కడి సెన్సస్ నడిపే నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లాండ్ 'సెటిల్‌మెంట్' పేరుతో విడిగా జనాభా అంచనాలు ఇస్తుంది. అంతకన్నా చిన్న ఊరైతే ముక్కలు మనమే అతికించుకోవాలి.

జనాభాతో మొదలుపెట్టి, తర్వాత ఆరోగ్యం, ఉద్యోగాలు, ఇళ్లు చివర్లో చూసుకోవడం మామూలు పద్ధతి. తీర గ్రామాల విషయంలో ఇది తలకిందుల పని. అక్కడ ఎంతమంది ఉన్నారన్నది ఎన్ని ఇళ్లలో ఏడాదంతా దీపం వెలుగుతుందన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ వరుస: హద్దు, ఇళ్లు, మనుషులు, ఆరోగ్యం, పని.

హద్దు గీయడం

వాడేవి రెండు సైజులు. చిన్నది ఔట్‌పుట్ ఏరియా. 2011లో పెట్టుకున్న నియమం ప్రకారం కనీసం 20 కుటుంబాలు, 50 మంది ఉండాలి. పెద్దది డేటా జోన్, 500 నుంచి 1,000 మంది. సెన్సస్ పట్టికలు చాలావరకు ఔట్‌పుట్ ఏరియా దాకా దొరుకుతాయి. ఆరోగ్యం, ఆదాయం, ఉద్యోగాల లెక్కలు డేటా జోన్ దగ్గరే ఆగిపోతాయి. హైలాండ్ లాంటి చోట ఒక డేటా జోన్‌లో మీ రేవు ఊరితో పాటు కొండల వెనక ఉన్న నాలుగు పల్లెలూ కలిసిపోయి ఉంటాయి. ఆ సంగతి రిపోర్టు మొదటి పేజీలోనే రాయాలి.

మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ఔట్‌పుట్ ఏరియాల హద్దులు, పోస్ట్‌కోడ్ బిందువులు, ఊరివాళ్ల తరఫున మాట్లాడే కమ్యూనిటీ కౌన్సిల్ హద్దు, ఈ మూడు పొరలూ వేయండి. మూడింటికీ బ్రిటిష్ నేషనల్ గ్రిడ్ ప్రొజెక్షనే ఉండాలి. లేకపోతే ఊరు సముద్రంలో తేలుతుంది. ఊరి పోస్ట్‌కోడ్‌లన్నీ ఏ ఔట్‌పుట్ ఏరియాల్లో పడ్డాయో చూసి ఆ ఏరియాల జాబితా రాసుకోండి. ఇకమీద ప్రతి పట్టికకూ అదే జాబితా వాడాలి.

ఇక్కడ అందరూ చేసే తప్పొకటుంది. ఇప్పుడు ఎక్కువగా ఎదురయ్యే డేటా జోన్లు రెండు తరాలవి: 2011వి 6,976, 2022వి 7,392. రెండు తరాల కోడ్‌లూ ఎస్01తోనే మొదలవుతాయి కాబట్టి పైకి తేడా తెలియదు. ఎస్01006506 నుంచి ఎస్01013481 వరకు ఉన్నవి 2011 జోన్లు, ఎస్01013482 నుంచి 2022 జోన్లు. వెనకబాటుతనం సూచిక ఎస్ఐఎండి 2020 పాత జోన్ల మీద కట్టింది. దాన్ని కొత్త జోన్ల జనాభాతో జత చేస్తే సాఫ్ట్‌వేర్ ఎర్రర్ చూపదు, ఖాళీ గడులు మాత్రమే ఇస్తుంది. ఆ ఖాళీలను సున్నాలుగా చదివి, ఈ ఊళ్లో పేదలే లేరని రాసేస్తారు.

ఇళ్లు: రెండు రికార్డులు పక్కపక్కన పెట్టాలి

కౌన్సిల్ ట్యాక్స్, అంటే అక్కడి స్థానిక సంస్థ (కౌన్సిల్) ఇళ్ల మీద వేసే పన్ను. ఆ జాబితా నుంచి వచ్చే లెక్కలో ఖాళీ ఇళ్లు, సెకండ్ హోమ్‌లు విడివిడిగా ఉంటాయి. ఎవరికీ అసలు నివాసం కాకుండా, సామాను ఉండి, ఏడాదిలో కనీసం 25 రోజులు ఎవరో ఒకరు ఉండే ఇల్లు సెకండ్ హోమ్. ఈ అంకె ఒక్కటే చూసుకుని ఆగిపోతే మోసపోతాం. సెలవుల అద్దెకిచ్చే సెల్ఫ్ కేటరింగ్ ఇల్లు ఏడాదిలో 140 రోజులు అద్దెకు సిద్ధంగా ఉండి, నిజంగా 70 రోజులు అద్దెకు వెళ్తే, అది కౌన్సిల్ ట్యాక్స్ నుంచి తప్పుకుని వ్యాపార పన్ను వైపు వెళ్లిపోతుంది. 70 రోజుల నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అలా వెళ్లిన ఇల్లు సెకండ్ హోమ్‌ల లెక్కలో ఉండదు, మొత్తం ఇళ్ల లెక్కలోనూ ఉండదు. ఊళ్లో మాత్రం అక్కడే ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే ఆస్తుల విలువ కట్టే స్కాటిష్ అసెసర్ల వెబ్‌సైట్‌లో వాల్యుయేషన్ రోల్ (వ్యాపార పన్ను కట్టే ఆస్తుల జాబితా) తెరిచి, మీ పోస్ట్‌కోడ్‌లతో ఒక్కొక్కటీ వెతకాలి. ఓపిక కావాలి, అంతే.

ఊహించుకున్న అంకెలతో చూద్దాం. ఊళ్లో 210 ఇళ్లు. జనం ఏడాదంతా ఉండేవి 139, కౌన్సిల్ ట్యాక్స్‌లో సెకండ్ హోమ్‌లు 31, చాలాకాలంగా ఖాళీవి 9, తేలనివి 3, వాల్యుయేషన్ రోల్‌లో సెల్ఫ్ కేటరింగ్‌వి 28. కౌన్సిల్ ట్యాక్స్ జాబితాకే పరిమితమైతే 182లో 31, అంటే 17 శాతం. రెండూ కలిపితే 210లో 59, అంటే 28 శాతం. ఒకే ఊరికి రెండు జవాబులు. కౌన్సిల్ సమావేశాల్లో ఒకరు 17 అని, ఇంకొకరు 28 అని వాదించుకోవడం వెనక తరచూ ఉండేది ఈ తేడాయే.

మూడో ఆధారం షార్ట్ టర్మ్ లెట్ (కొద్ది రోజుల అద్దె) లైసెన్సుల రిజిస్టర్. అప్పటికే నడుపుతున్నవాళ్లు 2023 అక్టోబర్ 1 లోపు దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. అందులో 'సెకండరీ లెట్టింగ్' (యజమాని నివాసం కాని ఇంటిని అద్దెకివ్వడం) వరసనే తీసుకోండి. యజమాని తను ఉంటున్న ఇంట్లోనే ఒక గది అద్దెకిచ్చే 'హోమ్ షేరింగ్' వల్ల ఊరు ఇల్లు కోల్పోదు. ఇంకో సంగతి: 2024 ఏప్రిల్ 1 నుంచి సెకండ్ హోమ్‌ల మీద కౌన్సిల్ ట్యాక్స్ రెట్టింపు దాకా వేసే అధికారం కౌన్సిళ్లకు వచ్చింది. ఆ తర్వాత సెకండ్ హోమ్‌ల సంఖ్య తగ్గినట్టు కనిపిస్తే ఇళ్లు నిజంగా జనంతో నిండాయా, వ్యాపార పన్ను వైపు జరిగాయా అన్నది చూడకుండా ఏమీ రాయకండి.

కాగితాలు అయ్యాక ఊరికి వెళ్లండి. ఆగస్టులో కాదు, ఫిబ్రవరిలో, చెత్త బండి వచ్చే రోజు పొద్దున. గేటు బయట పెట్టిన చెత్త డబ్బాలు లెక్కపెట్టండి. ముందురోజు సాయంత్రం ఆరు గంటలకు కిటికీల్లో వెలుతురు, చిమ్నీల్లో పొగ చూడండి. తలుపు పక్కన గోడకు బిగించిన అంకెల తాళం పెట్టె కనిపిస్తే అది సెలవుల ఇల్లేనని తేల్చేయకండి. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల ఇళ్లకు సంరక్షకులు వచ్చిపోవడానికీ అదే పెట్టె బిగిస్తారు. పెట్టె ఉండి, చెత్త డబ్బా కూడా బయట ఉంటే లోపల మనిషి ఉన్నట్టే. ఇంటి నంబర్లు నోట్సులో ఉంటే ఉండనివ్వండి, రిపోర్టులోకి మాత్రం రానివ్వకండి.

మనుషులు

స్కాట్లాండ్ సెన్సస్ తేదీలు 2011 మార్చి 27, 2022 మార్చి 20. కోవిడ్ వల్ల ఒక ఏడాది వాయిదా పడింది కాబట్టి మధ్యలో 11 ఏళ్లు. వార్షిక మార్పు కోసం 10తో భాగించేవాళ్లు చాలామంది. అసలు చిక్కు వయసు గుంపుల దగ్గర వస్తుంది. 2011లో 10–14 ఏళ్లున్నవాళ్లు 2022 నాటికి 21–25 ఏళ్లవాళ్లు. పట్టికలో ఉన్నది 20–24 గుంపు. రెండూ కలవవు. పిల్లలు ఊరు వదిలి వెళ్తున్నారా అన్న ప్రశ్నకు ఒక్కో ఏడాది వయసుగా ఇచ్చే డేటా జోన్ జనాభా అంచనాలు తీసుకోండి. అవి ఏటా జూన్ 30 నాటివి, 2011కీ 2021కీ మధ్య సరిగ్గా 10 ఏళ్లు. సెన్సస్ తర్వాత సరిదిద్దిన వరసనే వాడండి.

చదువుకునేవాళ్లను సెన్సస్ చదువుకునే చోటే లెక్కేస్తుంది. కాలేజీ పిల్లలకే కాదు, హాస్టల్‌లో ఉండే బడి పిల్లలకూ ఇదే నియమం. కోల్, కొలన్సే దీవుల పిల్లలు హైస్కూలుకు ఓబన్ వెళ్లి అక్కడ హాస్టల్‌లో ఉంటారు. అలాంటి దీవి పట్టికలో 12–17 మధ్య గుంట కనిపిస్తే కుటుంబాలు వలసపోయాయని కాదు. వారాంతం పడవలో ఆ పిల్లలు ఇంటికి వస్తారు.

చిన్న ఊళ్లకు శాతాలు ప్రమాదం. గీహా దీవిని 2002లో అక్కడి జనమే కొనుక్కున్నారు. 2001లో 110 మంది, 2011లో 163. పెరుగుదల 48 శాతం, మనుషుల్లో 53. ఎయిగ్ దీవిలో అదే పదేళ్లలో 67 నుంచి 83. ఆ 67 మందిలో నలుగురున్న ఒక్క కుటుంబం వెళ్లిపోతే 6 శాతం పడిపోయినట్టు. అందుకే శాతం పక్కన అసలు అంకె తప్పనిసరి. పైగా 2022 సెన్సస్‌లో ఎవరి వివరాలూ బయటపడకుండా గడుల్లో అంకెలను కావాలని కాస్త అటూఇటూ మార్చారు. ఒకే ఊరికి రెండు పట్టికల మొత్తాలు రెండు మూడు తేడాతో వస్తే అది మీ తప్పు కాదు. ఒకటీ రెండూ ఉన్న గడులను మాత్రం నమ్మకండి.

ఆరోగ్యం

'ఈ ఊళ్లో మరణాలు ఎక్కువ' అనే మాట వయసుల తేడాను సర్దాకే అనాలి. రిటైరైనవాళ్లు వచ్చి స్థిరపడే ఊళ్లో మరణాలు ఎక్కువే ఉంటాయి. స్కాట్లాండ్ మొత్తానికి ఒక్కో వయసు గుంపులో ఉన్న మరణాల రేటును మీ ఊళ్లో ఆ గుంపు జనాభాతో గుణించి కూడండి, 5 ఏళ్లకు 5తో గుణించండి. అది 'రావాల్సిన' మరణాల సంఖ్య. ఉదాహరణకు 29.4 వచ్చింది, నిజంగా జరిగినవి 31 అనుకుందాం. నిష్పత్తి 105 (100 అంటే రావాల్సినన్నే వచ్చినట్టు). కానీ 31 లాంటి చిన్న సంఖ్య చుట్టూ ఉండే 95 శాతం హద్దులు 21 నుంచి 44. అంటే నిష్పత్తి 72 నుంచి 150 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఒక్క ఏడాది మరణాలతో ఈ లెక్క చేయడం వృథా శ్రమ. ఊళ్లో కేర్ హోమ్ ఉంటే వేరే ఊళ్ల వృద్ధులు అక్కడికి వచ్చి కన్నుమూస్తారు కాబట్టి, దాన్ని తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి చూపించండి.

ఎస్ఐఎండి ర్యాంకును తీర గ్రామాలకు అలాగే వాడటం నాకు నచ్చదు. 2020 సూచికలో వెస్టర్న్ ఐల్స్, ఆర్క్‌నీ, షెట్లాండ్ దీవుల్లో అతి వెనకబడిన 20 శాతం జోన్లలోకి ఒక్కటీ రాలేదు. అక్కడ పేదరికం లేక కాదు. నగరంలో పేదలు ఒక వీధిలో చేరి ఉంటారు, పల్లెలో పెద్ద ఇంటి పక్కనే ఉంటారు. జోన్ సగటులో కనిపించరు. ర్యాంకు వదిలేసి, అదే ఫైల్లో ఉండే ఆదాయం తక్కువున్నవాళ్ల సంఖ్య తీసుకోండి. సేవలు ఎంత దూరంలో ఉన్నాయో చెప్పే నిమిషాలు కూడా పనికొస్తాయి. కానీ గాలివానకు ఫెర్రీ రద్దయిన రోజు డాక్టర్ దగ్గరికి ఎన్ని నిమిషాలో ఆ పట్టికకు తెలియదు. ఫెర్రీ కంపెనీ రద్దుల లెక్క పక్కన పెట్టండి.

చలి ఇళ్ల గురించి ఒక మాట. గ్యాస్ పైపు రాని ఊళ్లలో నూనె, కరెంటు, సిలిండర్ గ్యాసే దిక్కు. ఇంధన ఖర్చు చూడటానికి అందరూ ఇళ్ల ఎనర్జీ సర్టిఫికెట్లు తెరుస్తారు. ఇల్లు అమ్మినప్పుడో అద్దెకిచ్చినప్పుడో తీసుకునే సర్టిఫికెట్ అది. నలభై ఏళ్లుగా అదే రాతి ఇంట్లో ఉంటున్న ముసలమ్మ ఇంటికి అది ఉండకపోవచ్చు. అన్నిటికన్నా చల్లటి ఇళ్లు ఆ ఫైల్లో లేనివే.

పని

మన సెన్సస్ గడిచిన ఏడాదిలో 6 నెలలు పనిచేశారా లేదా అని అడిగి మెయిన్, మార్జినల్ అని విడదీస్తుంది. స్కాట్లాండ్ సెన్సస్ గడిచిన వారం రోజుల పని అడుగుతుంది, అదీ మార్చిలో. హోటళ్లు ఇంకా తెరవని కాలం. వేసవి పని దాదాపు పడదు. వృత్తి, పరిశ్రమ వివరాలేమో ఒక్క ప్రధాన ఉద్యోగానికే. పొద్దున స్కూలు బస్సు నడిపి, మధ్యాహ్నం క్రాఫ్ట్ భూమిలో (చిన్న కౌలు కమతంలో) గొర్రెలు చూసుకుని, వేసవిలో గదులు అద్దెకిచ్చే మనిషి పట్టికలో 'డ్రైవర్' మాత్రమే.

ఉద్యోగాల సర్వే బ్రెస్‌ది ఇంకో లోటు. అది పని జరిగే చోటు లెక్క, పీఏవైఈలోనో (జీతాల నుంచి పన్ను కోసే పద్ధతి) వ్యాట్‌లోనో నమోదైన సంస్థలే అందులో ఉంటాయి. పట్టిన చేపల్లో వాటా తీసుకునే పడవ కూలీ చట్టం దృష్టిలో స్వయం ఉపాధి కిందే వస్తాడు. అందుకే రేవు నిండా పడవలున్న ఊళ్లో కూడా బ్రెస్‌లో చేపల వేట దగ్గర సున్నా కనిపించొచ్చు. దానికి మందు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే చేపల పడవల జాబితా. 10 మీటర్ల లోపువి ఒకటి, పైవి ఇంకొకటి. పడవ మీద అక్షరాలు చూసి ఊరు చెప్పకండి. కేవై అంటే కర్కాల్డీలో నమోదైందని, ఆ పడవ రోజూ పిటెన్‌వీమ్ రేవులో కట్టి ఉండొచ్చు. 'హోమ్ పోర్ట్' గడి చూడండి. తర్వాత రేవుకు వెళ్లి, పీతల బుట్టలు వేసే చిన్న పడవకు ఒకరా ఇద్దరా అని హార్బర్ మాస్టర్‌ని అడగండి. జాబితాలో ఉండి రెండేళ్లుగా కదలని పడవలు ఏవో కూడా ఆయనే చెబుతాడు.

డ్రాఫ్ట్ అయ్యాక కమ్యూనిటీ కౌన్సిల్ సమావేశంలో ఇళ్ల పట్టిక ఒక్కటే గోడకు అంటించండి. 'తేలనివి 3' దగ్గరికి ఎవరో ఒకరు పెన్సిల్ పట్టుకుని వస్తారు.