పెరట్లో ఇటుక మెట్లు కట్టే ముందు

- మొత్తం ఎత్తు కొలిచి, మెట్లకు సమానంగా పంచండి. ఒక్కోటి ఎత్తు 6 అంగుళాలు, కాలు పెట్టే చోటు కనీసం 12 ఉంటే హాయి. ఒక్క మెట్టు తేడా వచ్చినా కాలు తడబడుతుంది. మేస్త్రీ "సర్దేద్దాం లెండి" అన్నా ఒప్పుకోకండి.
- కొత్తగా పోసిన మట్టిని దిమ్మిసతో గట్టిపరిచి, కాంక్రీటు బెడ్ వేయించాకే ఇటుక.
- రెండు ఇటుకలు తట్టి చూడండి, ఖంగుమనాలి. నీళ్లలో నానబెట్టకపోతే సిమెంటులోని తడిని పీల్చేస్తాయి.
- మెట్లు ముందుకు కాస్త వాలుగా ఉండాలి. నీళ్లు నిలిస్తే పాచి పడుతుంది.
- వారం క్యూరింగ్, అంటే కట్టినదాన్ని నీళ్లతో తడుపుతూ ఉండాలి.
- మొక్కలు ఆ తర్వాతే. ఎండ తగిలే అంచుకు టేబుల్ రోజ్, నీడకు స్పైడర్ ప్లాంట్. ముళ్లవి ఎంత అందంగా ఉన్నా వద్దు. సందుల్లో రావి మొలక కనిపిస్తే వెంటనే వేరుతో పీకేయండి.